కరిగే స్క్రూ

ల్యాబ్‌లో అందరూ ఆమెను బుడగలమ్మ అనేవాళ్లు. మెగ్నీషియం స్క్రూ ఉప్పు ద్రావణంలో కరుగుతుంటే పైకి లేచే గ్యాసు బుడగల్ని కొలవడమే తొమ్మిదేళ్లుగా ఆమె పని. విరిగిన ఎముకను పట్టి ఉంచి, అతుక్కున్నాక ఒంట్లోనే కరిగిపోయే స్క్రూ కావాలి. అప్పుడు దాన్ని తీయడానికి రెండో ఆపరేషన్ అక్కర్లేదు. అలాంటి రెండో ఆపరేషన్‌లోనే చీము పట్టి వాళ్లక్క మోకాలు కొయ్యలా బిగుసుకుపోయింది.

ఏ మిశ్రమం పోతపోసినా మూడు వారాలకే జల్లెడయ్యేది. ఎముక అతకాలంటే పన్నెండైనా నిలవాలి. చివరికి నలభై ఒకటోది పదమూడు వారాలు నిలిచింది. ప్రొఫెసర్ గారి కాళ్లు నేలమీద ఆగలేదు. వ్యాసం పత్రికకు వెళ్లింది, కుందేళ్ల మీద పరీక్షకు అనుమతి వచ్చింది.

కుందేళ్లకు ఆపరేషన్లు సోమవారం. శుక్రవారం మధ్యాహ్నం అర సర్దుతుంటే, ఎప్పుడో ఖాళీ కావాల్సిన ద్రావణం క్యాన్లు సీలు కూడా విప్పకుండా కనిపించాయి. ఆమె వంగి చూస్తే పాత్రలోకి కొత్త ద్రావణం వదిలే వాల్వ్ మూసి ఉంది. పదమూడు వారాలూ పాత ద్రావణమే తిరిగి తిరిగి వచ్చింది. పాతబడిన ద్రావణంలో లోహం మీద పొర కడుతుంది, కరగడం నెమ్మదిస్తుంది. తెరవబోయి ఆ వాల్వ్‌ను మూసే వైపు తిప్పింది తనే.

“సార్, నలభై ఒకటి ఫలితం తప్పు. తప్పు నాదే.”

విషయమంతా విని ఆయన లేచి తలుపు వేశారు. “ఎవరికైనా చెప్పావా?”

“లేదు సార్.”

“అయితే కుందేళ్లనే తేల్చనీ. ఏమో, బాగానే ఉండొచ్చు.”

ఆశ చావక ఆమె తల ఊపబోయి ఆగింది. “మూడు వారాలకే స్క్రూ పోతే కుందేలు కాలు మళ్లీ విరుగుతుంది సార్. నొప్పని చెప్పుకోడానికి వాటికి నోరు కూడా లేదు.”

వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామన్న ఉత్తరం ఆమే రాసింది. కుందేళ్ల పరీక్ష రద్దయింది. ఇంట్లో చెబితే అక్క ఓదార్చలేదు, కసిరింది. “తొమ్మిదేళ్లు! నా కాలి కోసం ఇదంతా చెయ్యమని నిన్నెవరడిగారే?”

ఆమె వంటగదిలోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది.

బతిమాలితే పరీక్ష మళ్లీ చెయ్యడానికి, ఆ మూడు వారాల గండమైనా దాటుతుందేమో చూడటానికి, ఒక్క నెల ఇచ్చారు. వాల్వ్‌ను రోజుకు పదిసార్లు చూసుకునేది. పంతొమ్మిదో రోజు పొద్దున్నే స్క్రూ తల ఊడి గాజుపాత్ర అడుగున పడింది. ఆమె రికార్డులో ఆ సంగతి రాసి సంతకం పెట్టింది. మరుసటి వారం ల్యాబ్‌లో ఆమె బల్లను ఇంకొకరికి ఇచ్చేశారు.