విమల టీచర్ పిలిచిన వాన

తడిసిన మట్టి వాసన అంటే అందరూ మురిసిపోతారు. నాకూ ఇష్టమే, జూన్‌లో వస్తే. శివరాత్రికి అటూ ఇటూ వస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. మొన్న హైదరాబాద్‌లో మా రిహార్సల్ హాలు కిటికీలోంచి ఆ వాసన హఠాత్తుగా లోపలికి వచ్చింది. నా దగ్గర డాన్స్ నేర్చుకునే పిల్లలు ఆట ఆపేసి, కిటికీలోంచి చేతులు బయటపెట్టి చినుకులు పట్టుకుంటున్నారు. నేను వరండాలోకి పోయి, ఆర్మూర్ పక్కన మా ఊళ్లో ఉన్న నాన్నకు, అదే మా బాపుకు, ఫోన్ చేశాను. ఆరబెట్టిన పసుపు కప్పారా అని అడిగాను. "కప్పినం బిడ్డా. నీ ఫోన్ ఇంక రాలేదేందని చూస్తున్న" అన్నాడు. లోపలికి వచ్చి మళ్లీ ఆట మొదలుపెట్టించాను గానీ, ఆ పూటంతా నాకు విమల టీచరే గుర్తొచ్చింది.

ఆమెది గుంటూరు వైపు. భర్తకు బ్యాంకు ఉద్యోగం. ఆయనకు బదిలీ అయితే ఆర్మూర్ వచ్చి, ఒక ఎరువుల దుకాణం మీద గది అద్దెకు తీసుకుని డాన్స్ నేర్పడం మొదలుపెట్టింది. స్కూలు వార్షికోత్సవానికి సినిమా పాట ఒకటి నేర్పితే చాలని తల్లులు వచ్చేవారు. ఆమె నేర్పేది వేరు. గజ్జెలు ఉండవు, నగలు ఉండవు, రికార్డు పాట అసలే ఉండదు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని వాయించాలి, పాడాలి. పెళ్లికీ చావుకూ డప్పు కొట్టే సాయిలన్నను బతిమాలి తెచ్చుకుంది. ఆయన మెట్ల కింద గడ్డి మంట వేసి డప్పు కాచుకుంటుంటే, ఎరువుల బస్తాలు అంటుకుంటాయని దుకాణం సేటు రోజూ లబోదిబోమనేవాడు.

మా అమ్మ బీడీలు చేస్తుంది. ఒకసారి ఒడిలో చాట పెట్టుకుని పని చేసుకుంటూనే నా ఆట చూసి, "కడుపునొప్పి లేసినట్టు మెలికలు తిరుగుడు గూడ డాన్సేనా" అంది. నేను ఆ మాట మోసుకెళ్లి టీచర్‌కు చెప్పాను. ఆమె పకపకా నవ్వి, మరునాడే మా ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఆకు చుట్టే వేళ్లను చూస్తూ పొద్దంతా గడిపింది. అమ్మకు ఆమె మీద అప్పటినుంచి ఒకలాంటి జాలి. పాపం, చదువుకున్నది గానీ పనీపాటా లేదు అనేది.

ఆదివారాలు మమ్మల్ని ఊరవతలి నల్లరాళ్ల గుట్ట ఎక్కించేది. రాయిని ఆడి చూపించమనేది. మేము బిగుసుకుని కూర్చుంటే ఒప్పుకునేది కాదు. రాయిలా నటించడం ఎవరికైనా వస్తుంది, ఆ రాయికి పొద్దున్నుంచి ఎంత ఎండ తగిలిందో నీ ఒంట్లో కనిపించాలి అనేది. మాకు అర్థమయ్యేది కాదు. కానీ ఎండలో అలా కూర్చుని లేచాక ఒళ్లు వేరేగా కదిలేది. అది నాకే తెలిసేది, ఎవరికీ చెప్పలేకపోయేదాన్ని. ఇంటర్ అయ్యాక హైదరాబాద్ వెళ్లి ఇదే చదువుకోవాలని ఆ గుట్ట మీదే అనుకున్నాను. దానికి బాపు ఒప్పుకోవాలి. టీచర్ వచ్చి అడిగితే ఆయన అవుననలేదు, కాదనలేదు. ఒకసారి మీ ఆట చూసినంక చెప్తానన్నాడు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మా వాడకట్టు పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పారు. ప్రతి ఇంటి ఆడవాళ్లూ వచ్చి ఆ కప్ప మీద నీళ్లు పోశారు. వాన కోసం కప్పతల్లి ఆడటం మాకు మామూలే. టీచర్ మాత్రం మా ఇంటి కిటికీలోంచి అది చూసి కదిలిపోయింది. మారిపోతున్న కాలం గురించి ఒక ఆట కట్టాలని ఎన్నాళ్లుగానో అనుకుంటోందట. కప్పతల్లి ఆమెకు దారి చూపించింది. అది తయారయ్యేసరికి చలికాలం గడిచిపోయింది. పరీక్షలు రాకముందే ఆడాలి, గట్టి నేల కావాలి. బాపు మా కల్లంలో సగం ఖాళీ చేసి ఇచ్చాడు. మిగతా సగంలో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరుతున్నాయి. చుట్టూ ఉన్న కల్లాలన్నింటిలోనూ అవే. వాటిమీద ఒక్క వాన పడితే రంగు చచ్చి, మార్కెట్లో అడిగేవాడుండడు. మేమందరం పసుపు పండించే ఇళ్ల పిల్లలమే. అలాంటి చోట వానను పిలవబోతున్నామని ఒక్కరికీ తట్టలేదు. టీచర్‌కు ఎలాగూ తెలియదు.

ఎండ చల్లబడే వేళకు ఊరంతా వచ్చి కూర్చుంది. ఇద్దరు పిల్లలు రోకలి భుజాన వేసుకుని వచ్చారు, దానికి గుడ్డతో కుట్టిన కప్ప. దూరపు ఉరుము దగ్గరికి వస్తున్నట్టు సాయిలన్న డప్పు మెల్లమెల్లగా పెరిగింది. టీచర్ మాటల్లేని రాగం ఎత్తుకుంది. నెర్రెలు వారిన నేల నేనే. బోర్లా పడుకున్నదాన్ని కొంచెం కొంచెంగా ఆకాశం వైపు తిరగాలి. అలా తిరిగేసరికి బాపు కనిపించాడు. కండువా దులిపి లేచి నిలబడ్డాడు. పడమటి దిక్కు ఒకసారి చూశాడు. పోయి ప్లాస్టిక్ తాటిపత్రి మడత విప్పి పసుపు మీద పరవడం మొదలుపెట్టాడు. ఆయన్ను చూసి ఇంకొకరు లేచారు, ఆ వెనక మరొకరు. ఎవరూ కోప్పడలేదు, ఈల వేయలేదు. తమ తమ కల్లాలకు వెళ్లి తాటిపత్రులు కప్పుకున్నారు, అంతే. ఆకాశంలో చూద్దామన్నా మబ్బు లేదు. మిగిలిన చిన్నపిల్లల కోసం ఆట పూర్తిచేశాం.

టీచర్ ముఖం చిన్నబోయింది. చాలాసేపు రోకలి పక్కనే కూర్చుండిపోయింది. పని ముగించుకుని బాపు వచ్చాక, ఆట నచ్చలేదా అండీ అని అడిగింది. బాపు ఆ ప్రశ్నకే ఆశ్చర్యపోయాడు.

"నచ్చకపోవుడేంది టీచరమ్మా. మస్తు పిలిచిన్రు. గట్ల పిలిస్తే వాన రాకుంట ఉంటదా? అందుకే కప్పుకున్నం."

టీచర్ నవ్వింది. నవ్వుతూనే పమిటతో కళ్లు ఒత్తుకుంది. జీవితంలో ఇంత పెద్ద మెచ్చుకోలు తనకు ఎవరూ ఇవ్వలేదని నాతో తర్వాత చాలాసార్లు అంది. కొంచెం తేరుకుని, వాన వద్దనుకుంటే మీరు ఏం ఆడతారండీ అని అడిగింది. దానికి ఆట లేదు, కప్పుకునుడే అన్నాడు బాపు.

ఆ రాత్రి అన్నం తింటుంటే నా హైదరాబాద్ చదువు సంగతి కదిపాను. "సగమే చూస్తి గద బిడ్డా. సగం చూసి ఏమని చెప్పాలె" అన్నాడు.

వారం తిరగకుండానే నిజం వాన వచ్చింది. మేము క్లాసులో ఉన్నాం. గాలి దుమ్ము లేచేసరికి టీచర్ డప్పు ఆపించి, ఎవరింట్లో ఏం ఆరుతోందని అడిగింది. అందరినీ ఆటోల్లో ఇళ్లకు పంపి, తాను నాతో మా కల్లానికి వచ్చింది. తాటిపత్రి ఒక మూల పట్టుకుంటే గాలికి అది ఆమెనే లాక్కుపోతోంది. "చేత్తోని ఆగదు, మూల కాలికింద పెట్టున్రి టీచరమ్మా" అని బాపు అరిచాడు. ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని రెండు కాళ్లతో ఆ మూల మీద నిలబడింది. తడిసి ముద్దయింది. అయినా ఒక పక్క కొమ్ములు తడవనే తడిశాయి. అప్పటినుంచి ఆమె క్లాసు మొదలుపెట్టే తీరే మారింది. ముందు ఎవరింట్లో ఏం ఆరుతోందన్న ప్రశ్న. పసుపు, మిరపకాయ, మక్కజొన్నలు, అప్పడాలు, ఏదైనా సరే. ఆరేది ఉన్నవాళ్లు మబ్బు పడితే అడగకుండా వెళ్లిపోవచ్చు.

ఆటను కూడా మొదటినుంచి మళ్లీ కట్టింది. మొదటి సగంలో వానను పిలుస్తాం, రెండో సగంలో పిలవని వాన వస్తుంది. మా తాటిపత్రినే అడిగి తీసుకుంది. దాని మడతల్లో పసుపు ఇంకా అంటుకునే ఉంది. కొమ్ములను నునుపు చేసే పాలిష్ డ్రమ్ము ఒకటి కల్లానికి తెప్పించి, దాన్ని చేత్తో తిప్పుతూ ఆ గలగలకు డప్పు కలపమంది. దీనికి తాళం లేదని సాయిలన్న మొండికేశాడు. ఇద్దరూ చాలా రోజులు పోట్లాడుకుని ఏదో ఒకటి పట్టుకున్నారు.

పరీక్షలయ్యాక, పసుపు అమ్ముడుపోయి ఖాళీ అయిన అదే కల్లంలో ఆడాం. నేను ఒక మూల పట్టుకుని తిరుగుతుంటే నిజం గాలి ఒకటి వచ్చింది. మూల నా చేతిలోంచి జారి తాటిపత్రి పటపటా కొట్టుకోసాగింది. అప్పుడే బాపు లేచి నిలబడ్డాడు. మళ్లీ వెళ్లిపోతున్నాడు, నా చదువు ఇక్కడితో సరి అనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి నేరుగా ఆట మధ్యలోకి వచ్చి, ఆ మూల కాలికింద అదిమి నిలబడ్డాడు. సాయిలన్న టీచర్ వైపు చూశాడు. కానివ్వమని ఆమె తలూపింది. ఆట అయిపోయేదాకా బాపు అక్కడే ఉన్నాడు. జనం అదీ ఆటలో భాగమే అనుకున్నారు. అంతా అయ్యాక కాలు తీసి, "ఇప్పుడు మొత్తం చూసిన. పో బిడ్డా, సదువుకో" అన్నాడు.

ఆ తర్వాత టీచర్ భర్తకు మళ్లీ బదిలీ అయింది. ఎన్ని ఊళ్లు మారినా, టీవీలో నిజామాబాద్ జిల్లాకు అకాల వర్షం అని వస్తే చాలు, బాపుకు ఫోన్ చేసేది. కప్పారా అండీ అని అడిగేది, కప్పినం టీచరమ్మా అనేవాడు, పెట్టేసేవారు. ఒకప్పుడు ఎప్పుడో ఒక ఏడాది వచ్చే ఆ వాన ఇప్పుడు దాదాపు ఏటా వస్తోంది. ఫోన్లూ అలాగే పెరిగాయి. నేను ఇప్పుడు ఏ ఊరికి ఆటకు వెళ్లినా ముందు అక్కడివాళ్లను ఏం ఆరుతోందని అడుగుతాను. దాన్నిబట్టి వానను పిలవాలో వద్దో మా వాద్యగాళ్లకు చెబుతాను. కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

టీచర్ చనిపోయి రెండేళ్లు దాటింది. ఆమె పోయిన తర్వాత మాఘంలో ఒక సాయంత్రం వాన పడింది. నేను ఏదో పనిలో ఉన్నాను. ఎన్నడూ తనంతట తాను ఫోన్ చేయని బాపు చేశాడు. పసుపు మంచిగనే ఉంది, అంతా కప్పినం అన్నాడు. తాటిపత్రి మీద వాన పడుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

"కప్పి కూసున్న బిడ్డా. ఎవరు అడుగలే" అన్నాడు.

ఆ రోజు వాన వెలిసేదాకా మేమిద్దరం ఫోన్ పెట్టలేదు.