బీకరులోంచి కండెకు

గుడియాత్తంలో నలభై ఏళ్ళు లుంగీలు నేసిన శివప్రకాశం తాత, మోకాళ్ళు మొరాయించాక మగ్గం వదిలి, కాట్పాడిలో ఒక కాలేజీ ల్యాబులో గాజు సామాను కడిగే పనిలో చేరాడు. చేతులు కడిగేది గాజు, నోరు మాట్లాడేది దారం. ఇక కవిప్రియ బీకరులోంచి దారం తీయడం చూశాక ఆ నోటికి మూత పడలేదు.

కవిప్రియ అక్కడ పరిశోధన చేసే పిల్ల. ఒక మందు కలిపిన నీళ్ళ మీద, నూనెలా తేలే ఇంకో మందును మెల్లగా జారవిడుస్తుంది. రెండూ కలవవు గాని, తాకిన చోట పాల మీద మీగడలా పొర కడుతుంది. దాన్ని నడుమ పటకారుతో పట్టి ఎత్తితే దారమై వస్తుంది. ఎత్తిన చోట మళ్ళీ పొర. గాయాలకు కుట్లు వేయడానికి క్రిములు చేరని దారం చేయాలని ఆమె పట్టుదల. మూడు గంటలకు ప్రొఫెసరుకు పది మీటర్లు ఒకే పోగుగా చూపించాలి. లేకపోతే పని వచ్చే ఏడాదికి పోతుంది. అప్పటికే మూడుసార్లు తెగింది.

"నాకియ్యమ్మా. దారమంటే నా బిడ్డ మాదిరి," అన్నాడు తాత.

నాలుగోది ఆయన చేతిలో తెగింది.

"మీ బిడ్డ పారిపోయినాడు తాతా. ఇంక ఒక్క బీకరుకే మందుండాది."

అప్పుడు గుర్తొచ్చింది తాతకు. తాను నేసింది బట్ట. నేతకు ముందు కండెలకు, అంటే చిన్న గొట్టాలకు, నూలు చుట్టింది భార్య పుష్పవతి. ఆయన చేతులకు తొడుగులుండడంతో కవిప్రియే ఫోను కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఏమే, కండె చుట్టేటప్పుడు పోగు తెగకుండా యాట్ల చేస్తావు?"

"నలభై ఏండ్లకు ఇప్పుడా అడిగేది? యాడుండావు, తాగినావా?"

"కాలేజీలో. చెప్పు."

"పోగును లాగొద్దు. కండెను తిప్పు, అదే వస్తాది. నిలపొద్దు, ఉరకొద్దు. ముందు నోరు మూసుకో. నువ్వు మాట్లాడితే చెయ్యి ఆడతాది."

కవిప్రియ చివరి బీకరు సిద్ధం చేసి, దారం కొసను గాజు కడ్డీకి చుట్టి ఇచ్చింది. తాత కడ్డీ తిప్పాడు. పెళ్ళయ్యాక ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదలు. ఎనిమిదో మీటరు దగ్గర ముక్కు దురద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని చెయ్యి ఆగలేదు.

"పదయింది తాతా," అంది చుట్లు లెక్కపెడుతున్న కవిప్రియ.

ప్రొఫెసరు వచ్చి కడ్డీని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఎవరు చుట్టినారు దీన్ని?"

"నేనే సార్. గుడియాత్తం మగ్గం చెయ్యి సార్ ఇది, నలభై ఏండ్లు..."

బల్ల మీద ఇంకా కట్ చేయని ఫోను దగ్గింది.

"చుట్టేది నేర్పింది మా ఇంటామె సార్," అన్నాడు తాత. "పుష్పవతి."