మస్తాన్ పేరు మీద రెండు సీసాలు

నలభై నాలుగో సంవత్సరం, చలికాలం. అప్పటికి ఊరిపేరు ఇంకా బెజవాడే. గుణదల నుంచి నడిచి వచ్చి ఒక చిన్న ఆస్పత్రిలో నర్సుగా చేసేదాన్ని. ముప్పై మంచాలు, ఒక డాక్టరు, ఒక కాంపౌండరు. ఆస్పత్రి పేరు రాయకు, దాంతో మనకి పనిలేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయమ్మా, నీ కాలేజీ తెలుగులోకి మార్చకు.

ఆ ఏడు ఫ్లూ వచ్చింది. ఫ్లూ అంటే ఉత్త పడిశం కాదు. ఒళ్ళునొప్పులు, జ్వరం, దగ్గు. చాలామందికి నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. కొంతమందికి ఛాతీలోకి దిగి నిమ్ము చేస్తుంది, నిమోనియా అంటారే, అది. ఫ్లూకి మందు లేదు. నిమ్ముకి సల్ఫా బిళ్ళలు ఉండేవి గానీ యుద్ధం రోజులు కదా, కొద్దికొద్దిగా వచ్చేవి. అందుకని ఎవరికి నిమ్ము చేసేట్టుందో ముందే కనిపెట్టుకోవాలి.

మా డాక్టరు గారు మంచి మనిషే. ఆయన దగ్గర ఒక నల్లట్ట నోటుబుక్కు ఉండేది. ఓ.పి. రిజిస్టరని ఇంకోటి ఉంటుంది, మంచం ఎక్కకుండా మందు పట్టుకెళ్ళేవాళ్ళ పుస్తకం. పేరు, వయసు, కులం, మతం, జబ్బు. అది రాసేది నేను. ఆయన సాయంత్రం దాన్నీ, మంచం ఎక్కినవాళ్ళ కాగితాల్నీ ముందేసుకుని నోటుబుక్కులోకి ఎక్కించుకునేవారు. నెల తిరిగేసరికి ఆయనకి ఒక సంగతి తేలింది.

"చూశావా సిస్టర్, పామర్రు వైపు నేతవాళ్ళకి ఛాతీలోకి దిగిపోతోంది. సాయిబులకి తేలిగ్గా పోతోంది. ఒక్కరికీ నిమ్ము లేదు. రక్తంలోనే ఏదో తేడా ఉంది."

"మాంసం తింటారు కదండీ" అన్నాడు కాంపౌండరు.

"నువ్వూ తింటావు కదయ్యా, నెల్నుంచీ తుమ్ముతూనే ఉన్నావు" అన్నాను. అన్నానే గానీ, రాత నాదే కదా, నేనూ నమ్మాను.

ఒకరోజు మస్తాన్ అని దర్జీ వచ్చాడు, మెడలో టేపు తియ్యకుండానే. వాళ్ళమ్మకి జ్వరం, దగ్గు. ఆవిడకి గోషా, బయటికి రాదు. అప్పట్లో ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకోవాలి. కాంపౌండరు మందు పోసి, మోతాదులు తెలిసేట్టు కాగితం కత్తిరించి అంటించేవాడు. "మీవాళ్ళకి తేలిగ్గా పోతుందిలే మస్తానూ" అని పంపించాను.

వారం పోయాక అదే సీసాతో వచ్చాడు. ఈసారి భార్యకి. మళ్ళీ అదే మాట చెప్పాను. వాళ్ళమ్మకి ఎలా ఉందని అడగలేదు. బెంచీ నిండా జనం ఉన్నారు. అది సాకే అనుకో.

మూడోసారి రెండు రోజులకే వచ్చాడు. "మందు మారుస్తారా నర్సమ్మ గారూ? పడుకోలేకపోతోంది. కుట్టుమిషను మీద దిండు పెట్టుకుని, దాని మీద తల ఆనించి కూచుంటోంది."

రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఊపిరి అందనివాళ్ళు అలా ముందుకి వంగి కూచుంటారు.

డాక్టరు గారికి చెప్పాను. "సాయిబులకి అంతదాకా రాదు సిస్టర్. అనుమానంగా ఉంటే డ్యూటీ దిగాక చూసి రా" అన్నారు.

మధ్యాహ్నం మస్తాన్ ఇంటికి వెళ్ళాను. అతని భార్య ఖతీజా మిషను మీదే తల ఆనించి ఉంది. నన్ను చూసి తల ఎత్తింది. "మీ మందు... చేదేమోనని ఆయనే... సగం తాగి చూశాడు. ఆయన దగ్గు... తగ్గింది" అంది. నవ్వబోతే దగ్గొచ్చింది. రెస్పిరేషన్ లెక్కపెట్టాను, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారనేది. మనకి పదహారో పద్దెనిమిదో ఉంటుంది. ఆమెకి నలభై నాలుగు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

గోడకి నులకమంచం ఒకటి నిలబెట్టి ఉంది. "అది వాల్చు మస్తానూ, దిండ్లు ఎత్తుగా పెట్టి కూచోబెడదాం" అన్నాను.

"అది మా అమ్మదమ్మా. పోయిన శుక్రవారం పోయింది."

"ఇదే దగ్గా?"

"ఇదే."

"నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదమ్మా."

"ఆస్పత్రికి తేవాల్సింది" అన్నాను, నోరు ఊరుకోక.

ఖతీజా అందుకుంది. "మీ దగ్గర మగాళ్ళకీ ఆడాళ్ళకీ... ఒకటే బెంచీ అటగా. నన్ను తీసుకుపోతే... తెర ఉంటుందా?"

"ఉంటుంది" అన్నాను. అప్పటికి లేదు.

జట్కాకి దుప్పట్లు కట్టి తీసుకొచ్చాం. వార్డులో ఒక మూలకి మస్తానే ఆస్పత్రి దుప్పట్లు రెండు కలిపి తెర కుట్టాడు. డాక్టరు గారు తెర బయట నిలబడి స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంటే, లోపల రెండో కొస నేను ఆమె వీపు మీద పెట్టాను. చాలాసేపు విన్నారు. "రెండు వైపులా ఉంది. సల్ఫా మొదలుపెట్టు" అన్నారు. ఆరో రోజున ఖతీజా తిన్నగా పడుకుని నిద్రపోయింది.

ఆ తెర అలాగే ఉంచేశాం. ఆ మాట వీధుల్లో పాకి, గోషా ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ముదిరాకే వచ్చేవాళ్ళు. నెలయ్యాక డాక్టరు గారు నోటుబుక్కు తెరిచి, "విచిత్రం సిస్టర్. ఇప్పుడు సాయిబులకే ఎక్కువగా నిమ్ము దిగుతోంది" అన్నారు.

"వాళ్ళ రక్తం ఏం మారలేదండీ. మనం తెర కట్టాం."

రిజిస్టరు తీసి చూపించాను. మందు తీసుకెళ్ళిన మనిషి పేరే మేం రాసేది. రెండు చోట్ల ఉంది, "మస్తాన్, ముప్పై, ముస్లిం, తేలిక ఫ్లూ" అని. చనిపోయిన అత్తా, చావు దాకా వెళ్ళొచ్చిన కోడలూ మా పుస్తకంలో దుక్కలా ఉన్న ఒక దర్జీ. నేతవాళ్ళ సంగతీ అడిగి తెలుసుకున్నాను. వీధిలో పడుగు దారాలు చాచి గంజి పెట్టాక మధ్యలో వదిలి రావడానికి ఉండదు. జ్వరం తేలిగ్గా ఉన్నవాళ్ళు అసలు రారు, నిమ్ము చేసినవాళ్ళని మోసుకొస్తారు. మాకు కనబడేది వాళ్ళే.

డాక్టరు గారు కాసేపు చూసి పెన్ను మూత పెట్టేశారు. రక్తంలో తేడా ఉందో లేదో నాకు తెలియదు, చదువుకున్నవాళ్ళు చూసుకుంటారు. నేను మాత్రం మొదటి చోట మస్తాన్ పేరు కొట్టేసి వాళ్ళమ్మ పేరు రాశాను. హమీదాబీ. ఖతీజాని ఇంటికి పంపేటప్పుడు అడిగి తెలుసుకున్నాను.

ఆ తర్వాత ఎన్నేళ్ళు చేశానో, సీసాతో ఎవరొచ్చినా మూడు అడిగేదాన్ని. మందు ఎవరికి? పడుకోగలుగుతున్నారా? కిందటిసారి పట్టుకెళ్ళినవాళ్ళకి ఎలా ఉంది? మొదటి రెండూ ఖతీజా వల్ల నేర్చుకున్నాను. మూడోది హమీదాబీ వల్ల.