రెబ్కా, రెండు కేజీల లెన్సు

ఢిల్లీ జనక్‌పురిలో మా కింది ఇంట్లో ఉండే రెబ్కా కాన్పుల వార్డు నర్సు. సొంతూరు నర్సాపురం. ఆసుపత్రిలో ఎంతమందికి పురుడు పోసినా తనివి తీరలేదేమో, పెరట్లో పిట్టల పురుళ్లు కూడా తన పూచీయే అనుకునేది. ఎండలు మొదలవగానే బ్యాండేజీ గుడ్డ కొనుక్కొచ్చి, దారాలు పోగులు పోగులుగా లాగి, పెరటి గ్రిల్‌కు వేలాడదీసేది. గూడు కట్టుకునే పికిలిపిట్టలు వాటిని ముక్కున కరుచుకుపోతుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది.

"బాలింత పక్క మెత్తగా ఉండాలి కదండీ, అన్నపూర్ణ గారూ!" అనేది నాతో. నేను వేళాకోళం చేసేదాన్ని గానీ, ఆ మాట నాకూ ముద్దుగానే ఉండేది.

ఈ ఏడు పెరటి చివర వేపచెట్టు మీద ఒక పికిలిపిట్ట గూడు కట్టింది. మూడు పిల్లల్లో రెండు ఎగిరిపోయాయి. మూడోది గూటి అంచున రెక్కలు టపటపలాడిస్తుందే తప్ప కదలదు. తల్లి ఇంకా మేత తెచ్చి పెడుతూనే ఉంది.

"కడగొట్టుది కదండీ, గారాబం," అని రెబ్కా మురిసిపోయింది. అది మొదటిసారి ఎగిరేటప్పుడు ఫొటో తీసి తీరాలని పట్టుబట్టింది. ఉన్న కెమెరాలో అది మచ్చలా పడుతోంది. అందుకని పెద్ద జూమ్ లెన్సు కొంటానంది.

ఆమె భర్త యేసుదానం నెమ్మదస్తుడు. కొనేముందు చూసుకోమని అద్దెకు రెండు లెన్సులు తెచ్చాడు. ఒకటి తేలికైనది. ఇంకోటి ముంజేయంత పొడవు. ఆదివారం చర్చి నుంచి రాగానే రెబ్కా ఆ పెద్దదాన్ని రెండు చేతుల్లోకీ ఎత్తుకుంది.

"రెండు కేజీలుంటాదండి. నెలలు నిండని బిడ్డ."

రోగులను ఎత్తీ ఎత్తీ ఆమె మణికట్టు ఎప్పుడో పాడైపోయింది. తాను దూర సందు లేదు, మెడకో డోలట! నాకు ఒళ్లు మండింది.

"ఆ చేత్తో దీన్నెక్కడ మోస్తావు తల్లీ? తేలికది తీసుకో," అన్నాను.

వాళ్లమ్మాయి అక్సా కూడా "హాఁ మమ్మీ, ఛోటా వాలా లే లో," అని చిన్నదానికే ఓటేసింది.

ముందు తేలికదాంతోనే తీసింది. ఫొటోలో పిల్లపిట్ట రెక్కలు విప్పుకుని ఎంత బాగా పడిందో! ఇక ఇదే ఖాయం అనుకున్నాం. తెచ్చినందుకు ఓసారి చూద్దామని యేసుదానం బరువుదాన్ని కూడా స్టాండుకు బిగించాడు. రెబ్కా కన్ను ఆనించి జూమ్ తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ అలాగే కొయ్యబారిపోయింది.

"ఏమైంది?" అన్నాను. పక్కకు జరిగి నన్ను కెమెరా ముందుకు లాగింది. నేను చూశాను.

పిల్ల కాలికి తెల్లటి దారం చుట్టలు చుట్టలుగా బిగుసుకుపోయింది. రెండో కొస గూటి పుల్లల్లో చిక్కుకుంది. దారం కింద కాలు నల్లగా ఎండిపోయింది. మేం ఇన్నాళ్లూ గారాబం అనుకున్నదంతా కాలు విడిపించుకోవడానికి దాని పెనుగులాట! ఆ దారం ఎవరిదో అడగాల్సిన పనే లేదు. అలాంటివే గ్రిల్ మీద ఇంకా గాలికి ఊగుతున్నాయి.

"నేనేనండీ. నా చేత్తో నేనే కట్టాను," అంది రెబ్కా.

లోపలికి పరుగెత్తి, కుట్లు విప్పే చిన్న కత్తెర తెచ్చింది. యేసుదానం నిచ్చెన వేసి తానెక్కబోయాడు.

"పిల్లని పట్టుకోడం మీకు రాదు, దిగండి!" అని కసిరి తనే ఎక్కింది. తల్లిపిట్ట అరుస్తూ ఆమె నెత్తి మీద పొడిచింది. రెబ్కా తల తిప్పుకోలేదు. దారం తెగింది. పిల్ల ఒంటికాలి మీద తూలి, ఎగరలేక ఎగిరి, పక్కవాళ్ల గోడ మీద పడుతూ లేస్తూ వాలింది. దాని మొదటి ఎగురుడు అదే. ఎవరమూ ఫొటో తీయలేదు.

"బతుకుతుందా?" అని అడిగాను, ఆమె దిగాక.

"ఏమోనండి. కాలు మటుకు పోద్ది." ఎన్నో చూసిన మనిషి, వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత లేచి గ్రిల్ మీది దారాలన్నీ పీకి పారేసింది.

యేసుదానం లెన్సులు సంచుల్లో సర్దుతూ, "రెండూ ఇచ్చేసి వచ్చేదా?" అన్నాడు మెల్లగా.

"తేలికది ఇచ్చేయండి," అంది రెబ్కా. "దాంట్లో అంతా బాగానే కనపడతంది."