పెళ్లి కార్డులో ఖాళీ జాగా

గ్రాఫిక్ డిజైనరంటే రోజంతా రంగులతో ఆడుకుంటాడని అనుకునేవాళ్లు ఇది చదవాలి. బెంగళూరు యలహంకలో బట్టల అంగడి నడిపే ఒక పెద్దాయన కూతురికి పెళ్లి కార్డు చేశాను. మధ్యలో వధూవరుల పేర్లు, చుట్టూ ఖాళీ. ఆ ఖాళీ అందంగా కుదరడానికే రెండు రోజులు పట్టింది.

ఈ ఉదయం ఆయన కార్డు చూసి, "ఇంత జాగా ఊరికే ఉండాది కదప్పా. మా చిన్నాయన పేరు ఎయ్యకుంటే పెండ్లికి వస్తాడా?" అన్నారు.

సాయంత్రానికి ముప్పై నాలుగు పేర్లు ఇరికించాను. ఇంటిల్లిపాదీ వరసలు సరిచూసుకుని ఓకే అన్నారు. ప్రింటుకు పంపబోతుంటే పెళ్లికూతురు ఫోన్ చేసింది.

"అన్నా, అందరి పేర్లూ ఉండాయి. నాదెక్కడ?"

చిన్నాయనకు చోటు చేసే గొడవలో నేనే చెరిపేశాను. మీ పెళ్లి కార్డులో మీ పేరుందో లేదో ఒకసారి తీసి చూసి చెప్పండి.