బ్రేకు లేని బండిలో బ్రేకు పట్టలేదన్న నింద

ఉప్పల్ దాటాక బోడుప్పల్ వైపు ఖాళీ జాగాలో ఎండాకాలం కోసం మంచు మీద జారే బండిలాంటి సవారీ ఒకటి పెట్టారని మా చెల్లెలు స్వరూప ఫోన్‌లో చెప్పింది. పట్టాలుండవట, కాలువలాంటి రేకు తొట్టిలో బండి దానంతటదే జారుకుంటూ పోతుందట. ఇలాంటివి ఎక్కి, ఎక్కే ముందు ఏం చూసుకోవాలో ఈ బ్లాగులో రాయడం నాకు అలవాటే. దానికి తోడు ఆ సోమవారం నుంచి స్వరూపకు పోచారంలో కొత్త షిఫ్టు. ఆ షిఫ్టుకు కంపెనీ బస్సు లేదు, స్కూటీ మీద పోగలిగితేనే ఉద్యోగం నిలుస్తుంది. తన జీతంతో కొనుక్కున్న బండి మీద నన్ను ఒకసారి తిప్పాలని దాని ముచ్చట. ఆ ముచ్చట తీర్చడానికే వెళ్లాను, ఒళ్లు మండి తిరిగొచ్చాను. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టి మాటలు కాస్త ఘాటుగా ఉంటాయి.

జనగామలో పొద్దున ఏడింటికి ఆర్టీసీ బస్సెక్కితే ఘట్‌కేసర్, పోచారం మీదుగా తొమ్మిది దాటాక ఉప్పల్ రింగురోడ్డు దగ్గర దింపుతుంది. మెట్రో పిల్లర్ల కోసం రోడ్డంతా తవ్విపెట్టారు, దిగగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాల్సిందే. అక్కడి నుంచి నాచారానికి షేర్ ఆటో పది రూపాయలు. స్వరూప వాళ్లింట్లో అన్నం తిని, ఎండ కాస్త తగ్గాక బయల్దేరాం. నేను స్వరూప వెనక స్కూటీ మీద, దాని భర్త రమేష్ తన మోటార్‌సైకిల్ మీద. రమేష్ నాచారంలోనే మందుల కంపెనీలో సూపర్‌వైజర్. మనిషి మంచివాడే, కానీ పెళ్లాం బండి నడపడం మాత్రం అతనికి కంట్లో నలుసు. దారిలో తవ్విన గుంత పక్కన ముందుపోయే ఆటో ఉన్నట్టుండి ఆగితే, స్వరూప ఎంత నిమ్మళంగా బ్రేకు వేసిందంటే నా ఒళ్లోని సంచి కూడా కదల్లేదు. మెచ్చుకున్నాను. రమేష్ మాత్రం పక్కకొచ్చి, జర సూస్కొని నడుపు అని చెప్పి ముందుకెళ్లాడు.

సవారీ టికెట్ నలభై రూపాయలు. మోటారు గొలుసు బండిని ఇనుప మెట్ల పైదాకా లాగి వదిలేస్తుంది, అక్కడి నుంచి మలుపులు తిరుగుతూ కిందికి రావాలి. ఒక్కో బండిలో ఒక్కరే. కూర్చునేవాళ్ల ముందు పాత మోపెడ్ హ్యాండిల్ ఒకటి, దానికి బ్రేకు పిడి. మలుపులో తిప్పండి, చివర్లో బ్రేకు పట్టండి అని మైకులో చెబుతూనే ఉన్నారు. నాకు ఫోటోలు కావాలని కింద నిలబడ్డాను.

ముందు రమేష్ వచ్చాడు. హ్యాండిల్‌ను అటూ ఇటూ కుస్తీ పట్టినట్టు తిప్పుతూ, పళ్లు బిగించి, చివర్లో బ్రేకు పిడి గట్టిగా నొక్కాడు. బండి మెత్తగా ఆగింది. దిగకుండా అందులోనే కూర్చుని, మలుపులు తానెట్లా కోసిందీ అక్కడ నిలబడ్డ ఆపరేటర్‌కు వర్ణించడం మొదలుపెట్టాడు. ఆపరేటర్ పేరు యాదగిరి. అతనూ పొడుగాటి ఇనుప కడ్డీ మీద చెయ్యి ఆనించి, నవ్వుతూ వింటున్నాడు. అంతలో వెనక మలుపులోంచి స్వరూప బండి దూసుకొచ్చింది. యాదగిరి ఉలిక్కిపడి కడ్డీ లాగేసరికే అది రమేష్ బండిని గుద్దేసింది. స్వరూప మోకాలు హ్యాండిల్‌కు తగిలి కమిలిపోయింది.

"మీరు బ్రేకు వట్టలే మేడం, నేనేం జేయాలె?" అన్నాడు యాదగిరి.

పట్టాను, పట్టినా ఆగలేదు అని స్వరూప అంటూనే ఉంది. వినేదెవరు? రమేష్ దాని సంచిలోంచి స్కూటీ తాళంచెవి తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"తొట్టిలనే ఆపరాలే, ఉప్పల్ ట్రాఫిక్‌ల ఏం ఆపుతవ్? నౌకరీ పోతే పోయింది, మనిషివి మిగుల్తవ్" అన్నాడు.

చుట్టూ లైన్లో ఉన్నవాళ్లు తలలూపారు. ఆడవాళ్లు కూడా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దారిలో ఆటో వెనక అది వేసిన బ్రేకు ఎవరికీ గుర్తులేదు, ఈ బొమ్మబండి మాత్రం సాక్ష్యమైపోయింది. స్వరూప ఏడవలేదు, మోకాలు రుద్దుకుంటోంది. అది చూసి నా కోపం ఇంకా పెరిగింది.

చీర కుచ్చిళ్లు ఎగదోసుకుని స్వరూప దిగిన బండి పక్కన వంగి చూశాను. బ్రేకు పిడి నుంచి వచ్చిన తీగ హ్యాండిల్ కిందే తెగ్గొట్టి, ముడేసి ఉంది. హ్యాండిల్ బండి అడుగు రేకుకు వేసిన బోల్టు మీద ఉత్తగా తిరుగుతోంది, చక్రాలకూ దానికీ ఏ సంబంధమూ లేదు. చక్రాలకు బ్రేకు రబ్బరే లేదు. అసలు బ్రేకు తొట్టి అడుగున ఉంది. రబ్బరు తొడిగిన పొడుగాటి పలక అది. యాదగిరి కడ్డీ లాగితే ఆ పలక పైకి లేచి, బండి అడుగును ఒరుసుకుని ఆపుతుంది. తిప్పేదీ ఎవరూ కాదు. మలుపులో బండి తన వేగం కొద్దీ తొట్టి గోడ మీదికి ఎక్కుతుంది, వేగం తగ్గగానే దిగుతుంది.

"అన్నా, ఒక ఖాళీ బండి పైనుంచి వదులు" అన్నాను. స్కూల్లో సైన్స్ చెప్పే గొంతు నాది, లైనంతా వినబడింది. యాదగిరి నసిగాడు. వదలకపోతే ఆ తెగిన తీగ లైన్లో ఉన్న అందరికీ చూపిస్తానన్నాను. వదిలాడు.

మనిషి లేని బండి గొలుసు మీద పైకి పోయి, కిందికి వచ్చింది. రమేష్ కోశానన్న ప్రతి మలుపూ అంతే అందంగా కోసుకుంటూ వచ్చింది. యాదగిరి కడ్డీ లాగాడు, మెత్తగా ఆగింది. లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. రమేష్ చూపు ఆ ఖాళీ సీటు మీదే ఉండిపోయింది.

"మరి ఆ హ్యాండిల్ ఎందుకన్నా?" అని అడిగాను.

"చేతుల ఏదన్న లేకుంటే జనం భయపడ్తరక్కా. అందుకే పెట్టినం."

"అయితే ఇందాక ఆగకపోయింది ఎవరి వల్ల? ఆయనకు చెప్పు."

యాదగిరి రమేష్ వైపు తిరిగాడు. "నేనే లేటు గుంజిన సార్. మీ మాటలల్ల వడి."

రమేష్ క్షమాపణ అడగలేదు, అడుగుతాడని నేనూ అనుకోలేదు. తాళంచెవి ఇస్తాడేమోనని మాత్రం చూశాను. ఇవ్వలేదు. స్వరూపే కుంటుకుంటూ వచ్చి, అంతమంది ముందూ అతని జేబులో చెయ్యి పెట్టి తీసుకుంది. ఎక్కక్కా అంది. రింగురోడ్డు దాకా నన్ను అదే దింపింది. వెనక రమేష్ మోటార్‌సైకిల్ వస్తూనే ఉంది, ఈసారి పక్కకొచ్చి ఏమీ చెప్పలేదు.

బస్సులో కూర్చున్నా కోపం తగ్గలేదు. ఆపే కడ్డీ ఒకరి చేతిలో పెట్టుకుని, ఉత్త పిడి ఇంకొకరి చేతికిచ్చి, గుద్దుకున్నాక నువ్వు పట్టలేదనడం ఆ తొట్టి దగ్గరే నేర్చుకున్న విద్య కాదు. మా ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. సోమవారం పొద్దున స్వరూప ఫోన్ చేసి, పోచారం చేరానక్కా అని ఒక్కమాట చెప్పి పెట్టేసింది. ఆ రోజు మిగతా క్లాసుల్లో నేను పిల్లల్ని ఎవర్నీ తిట్టలేదు.

మీరు వెళ్తే ఒక్కటే సలహా: ఎక్కే ముందు మీ చేతికిచ్చిన బ్రేకు కింద తీగ ఉందో లేదో వంగి చూడండి. లేకపోతే కడ్డీ దగ్గరున్న మనిషి మాటల్లో పడకుండా చూసుకోండి, ముఖ్యంగా మీకంటే ముందు మీ ఆయన దిగితే.