ఫాక్స్‌ప్రో సారు చెప్పిన నిజం

ఆ రోజుల్లో నాగర్‌కర్నూల్‌లో నేను ఒక పత్రికకు విలేకరిని. అద్దె గదిలో ఒంటరిగా ఉండేవాణ్ని. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం, ఏ కంప్యూటర్ భాష దేనికి పనికొస్తుందో జిల్లా పేజీకి రాయమన్నారు. బస్టాండు వెనుక మేడ మీద ఫాక్స్‌ప్రో నేర్పే సారు దగ్గరికి వెళ్లాను. గద్వాల నుంచి వచ్చిన మనిషి. నాలాగే ఈ ఊళ్లో ఆయనకూ ఎవరూ లేరు.

లోపల నాలుగు కంప్యూటర్లు, గుమ్మం బయట పదకొండు జతల చెప్పులు. కరెంటు లేదు. పిల్లలు ప్రోగ్రాములను నోటుపుస్తకాల్లో రాస్తుంటే సారు ఎర్ర పెన్నుతో దిద్దుతున్నారు.

"సి అనేది మిషన్‌కు దగ్గరి భాష సార్," అన్నారాయన. " ప్రతి ముచ్చట మనమే చెప్పాలె. కోబాల్ పాతది, పెద్ద బ్యాంకులల్ల ఇంకా ఉంది. జావా ఒక్కతాన రాస్తే ఏ కంప్యూటర్ల అయినా నడుస్తది. కొలువులన్నీ ఇప్పుడు దాని దిక్కే."

"మరి మీ ఫాక్స్‌ప్రో?"

"రైతుల పేర్లు, ఊర్లు, ఎకరాలు, గిట్ల జాబితాలు పెట్టుకొని, అడిగినప్పుడు ఎతికి తీయనీకి. ఆఫీసులకు మస్తు అక్కరకొస్తది."

"ముందుముందు?"

ఆయన పెన్ను ఆగింది. "తగ్గిపోతది. రాసుకోండ్రి. పిల్లల జిందగీ, అబద్ధం చెప్తే ఎట్ల?"

ఆ మాట పేపర్లో రాశాను. పేరు వేయనని మాటిచ్చాను, వేయలేదు. కానీ ఊళ్లో ఫాక్స్‌ప్రో నేర్పేది ఆయనొక్కరే. వార్త చదివినవాళ్లకు పేరుతో పనిలేదని నాకు తట్టలేదు.

నెల తిరక్కుండా వెళ్తే పిల్లల్లో తెలకపల్లి నుంచి వచ్చే అమ్మాయి ఒక్కతే మిగిలింది. ఆమె నాయన కూడా అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సారూ, కోపం చేయకుండ్రి. పనికిరాని సదువుకు రోజూ బస్సెక్కించి ఏం జేస్త? పేపర్ల గూడ ఏసిండ్రు."

"పేపరోళ్లది తప్పు లేదు. నేనే చెప్పిన," అన్నారు సారు, నావైపు చూడకుండా.

అమ్మాయి పుస్తకం సర్దుకుని వెళ్లిపోయింది.

ఇంకో వారానికి వెళ్లేసరికి ఆయన పిల్లల బల్ల మీద కూర్చుని, జావా పుస్తకం ముందు పెట్టుకుని కంప్యూటర్లో ప్రోగ్రాము ఎక్కిస్తున్నారు.

"సమజైతుందా?" అన్నాను.

"సగం. మిగిలింది అడగనీకి ఈడ ఎవరున్నరు సార్? మీ హైదరాబాద్ ఆఫీసుల జావా వచ్చినోళ్లుంటే జర కనుక్కోండ్రి."

కనుక్కుంటానన్నాను. ఫోన్‌లో అడిగితే హైదరాబాద్ డెస్కువాళ్లు, పేపరు ఆఫీసులో జావా ఎవరికొస్తుందని నవ్వారు. ఆ మాట ఆయనకు చెప్పి రావాల్సింది. చెప్పలేదు. తర్వాత చాలా కాలం ఆ మేడ తగలకుండా బస్టాండుకు చుట్టుదారిన వెళ్లేవాణ్ని.